అహ్లోన్ ఇంట్లో ఐదో గొంతు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళను చూస్తే చిన్నప్పటి నుంచీ నాకు నవ్వే. ఒళ్ళు వెచ్చబడితే మా అమ్మ దిష్టి తీసేది, నేను పోయి థర్మామీటర్ తెచ్చుకునేదాన్ని. ఇప్పటికీ దయ్యాలున్నాయని అనను. కానీ ఆ క్రిస్మస్‌కు విన్నది విన్నాను.

మాది రంగూన్‌లోనే, లమ్మడా పేట. హిందువులం. డేనియల్, నేను ఒకే ఆఫీసులో పనిచేసేవాళ్ళం. వాళ్ళది అదే ఊళ్ళో అహ్లోన్ పేటలో బాప్టిస్టు తెలుగు కుటుంబం. పెళ్ళి మాట ఎత్తితే మా ఇంట్లో గొడవపడి చివరికి సరేనన్నారు. వాళ్ళింట్లో మాత్రం, "క్రిస్మస్‌కి తీసుకురా, ముందు అందరం చూడాల" అన్నారట.

ఆ 'అందరం' అన్న మాటకే నాకు భయం. ఆ ఇంట్లో ఏదైనా కలిసి కూర్చుని తేల్చుకునేదే. ఒకరు ఇంటికి రాకపోతే మిగతావాళ్ళు అన్నం ముట్టరని డేనియల్ గొప్పగా చెప్పేవాడు.

తమ్ముడు శామ్యూల్ థాయ్‌లాండ్‌లో పనిచేస్తున్నాడని కూడా చెప్పాడు. నేను ఇంకేమీ అడగలేదు. సైన్యంలోకి పట్టుకుపోతారన్న భయంతో ఆ వయసు కుర్రాళ్ళు ఎంతమందో అటే వెళ్ళిపోతున్నారు.

పండగ ముందురోజు మధ్యాహ్నం వెళ్ళాను. మూడో అంతస్తులో చిన్న ఇల్లు. తండ్రి యోహాను గారు, తల్లి రూతమ్మ, అక్క ఎస్తేరు తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు. రూతమ్మ నా మణికట్టు పట్టుకుని చూసింది.

"ఇంత సన్నగున్నావేటమ్మా? తిండి తినవేటి?"

కొబ్బరిపాల నూడుల్స్ రెండుసార్లు వడ్డించింది. భయం కొంచెం తగ్గింది.

తర్వాత యోహాను గారు, "రేపు సర్చిలో పాడాల. ఒకపాలి పాడదుమా, అమ్మాయి ఇంటాది" అన్నారు. ఏటేటా ఆ కుటుంబం కలిసి పాడుతుందట. అప్పుడే కరెంటు పోయింది, ఫ్యాను ఆగింది. వాళ్ళు నలుగురూ నాకు ఎదురుగా కూర్చున్నారు. నేను బాల్కనీ వైపు వీపు పెట్టి కూర్చున్నాను.

రెండో చరణంలో నా వెనక నుంచి మరో గొంతు కలిసింది. పడుచు మగ గొంతు, కాస్త ముక్కుతో పాడినట్టుంది. డేనియల్ కంటే పై స్థాయిలో, తేలిగ్గా సాగిపోతోంది. ఎవరో చుట్టం బాల్కనీలో ఉన్నాడనుకున్నాను. కొత్తదాన్ని కదా, పాట మధ్యలో వెనక్కి తిరిగి చూడటం బాగుండదని ఊరుకున్నాను.

పాట అయ్యాక నవ్వుతూ అన్నాను. "ఎనక పాడినాయన లోపలికి రారేటి? అందరికన్నా బాగా పాడినారు. ఒక్క మాటే తప్పు. పశులపాక అనే కాడ పసుపు పాక అన్నారు."

ఎస్తేరు రెండు చేతులతో నోరు మూసుకుంది. రూతమ్మ లేచి నన్ను దాటుకుని బాల్కనీలోకి వెళ్ళింది. నేనూ వెనకే వెళ్ళాను. ఒక మనిషి పట్టేంత జాగా, ఆరేసిన లుంగీలు, కింది నుంచి పైదాకా ఇనుప ఊచలు. అంతే. ఆనుకుని ఉన్న ఇంటివాళ్ళు ఊరెళ్ళారు, తాళం వేసి ఉంది. కరెంటు లేదు కాబట్టి ఎవరింట్లోనో టీవీ మోగిందనుకోవడానికీ లేదు.

అప్పుడు తెలిసింది. శామ్యూల్‌కు తెలుగు చదవడం రాదు, పాటలన్నీ వినే నేర్చుకున్నాడు. చిన్నప్పుడు, ఏసు పుట్టిన పశులపాకను పసుపు పాక అనుకున్నాడు. పెద్దయ్యాక తప్పని తెలిసినా, తల్లిని ఉడికించడానికి అలాగే పాడేవాడు. థాయ్‌లాండ్‌కని బయల్దేరి, సరిహద్దు దగ్గరి ఊరి నుంచి ఒకసారి ఫోన్ చేశాడు. ఆ తర్వాత రెండేళ్ళుగా కబురు లేదు. బయటివాళ్ళకు ఉద్యోగమని చెప్పాలని నలుగురూ అనుకున్నారు.

"నీకెవులు సెప్పినారు ఈ పసుపు పాక మాట?" యోహాను గారు నన్ను నిలదీశారు.

"నేను చెప్పలేదు నాన్నా" అన్నాడు డేనియల్.

అతను చెప్పలేదన్నది నాకూ తెలుసు. శామ్యూల్ పాడిన రికార్డింగు ఏదైనా ఎక్కడో విన్నానా అని ఎంతో ఆలోచించాను. అలాంటిది వాళ్ళ దగ్గరే లేదు.

"మల్లీ పాడండి" అంది రూతమ్మ.

పాడారు. నాకు నాలుగు గొంతులే వినిపించాయి. ఆమె నా ముఖంలోకే చూస్తోంది. "లేదత్తా" అన్నాను. మళ్ళీ పాడించింది. మూడోసారి సగంలో యోహాను గారు ఆపేశారు.

"సాలు రూతూ. మనోడు లేడు. బతికున్నోడి గొంతు ఇలాగ రాదు."

ఆమె భర్త వైపు తిరిగింది. "సచ్చిపోయినోడైతే తప్పు పాడతాడేటి? దేవుడికాడికి ఎల్లినోడు సరిగ్గానే పాడతాడు. నా కొడుకు బతికే ఉన్నాడు."

మర్నాడు ఆ కుటుంబం చర్చిలో పాడలేదు.

కొత్త సంవత్సరం వచ్చాక యోహాను గారు పాస్టరుతో మాట్లాడి కొడుకు పేర జ్ఞాపకార్థ ప్రార్థన పెట్టించారు. రూతమ్మ వెళ్ళలేదు. ఆ రోజు నుంచి భార్యాభర్తలు కలిసి అన్నానికి కూర్చోవడం మానేశారు. నన్ను కోడలిగా చేసుకోవాలా వద్దా అని ఆ ఇంట్లో ఎవరూ తేల్చలేదు. ఆ మాట ఎత్తే ఓపిక ఎవరికీ లేకపోయింది. మా పెళ్ళి మేమే చేసుకుని, అదే ఇంట్లో ఉంటున్నాం.

వంటింట్లో ఉన్నప్పుడు అత్త అడుగుతుంది, ఆ రోజు విన్న గొంతు నీరసంగా ఉందా, జలుబు చేసినట్టుందా అని. తెలిసినంతవరకు చెబుతాను. మావయ్య ఎప్పుడూ అడగలేదు. ఈ మధ్య ఒకరోజు ఇద్దరం బస్సు కోసం నిలబడి ఉన్నాం. ఆయన రోడ్డు వైపే చూస్తూ, "ఆడు బాదగా పాడినాడా అమ్మా?" అన్నారు.

"లేదు మావయ్యా. సంతోసంగానే పాడినాడు."

ఆయన తల ఊపారు. బస్సు వచ్చినా ఎక్కలేదు.

నేను చెప్పింది నిజమే, ఆ గొంతులో బాధ లేదు. అదెక్కడి నుంచి వచ్చిందో, కన్నవాళ్ళను వదిలి నాకే ఎందుకు వినిపించిందో ఎంత ఆలోచించినా అంతుపట్టదు. శామ్యూల్ కబురు ఇప్పటికీ లేదు. ఆ ఇంటికి ఆ రోజు నేను మోసుకొచ్చింది మంచి కబురో, చెడ్డ కబురో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.