హిందీ పేజీలో మిగిలిపోయిన గురువారం

అక్క అందరినీ నమ్ముతుంది, కంప్యూటర్ తెరని తప్ప. సొంత అక్క కాదు. నందిగామలో మేమిద్దరం పనిచేసే కంటి ఆసుపత్రి ఆఫీసులో నాకంటే పన్నెండేళ్ళు పెద్దది, అందుకని అక్క అంటాను. ఆసుపత్రి వెబ్‌సైటు మా ఇద్దరి చేతుల్లోనే ఉంది. తెలుగు, ఇంగ్లీషు, హిందీ, మూడు భాషల్లో నడుస్తుంది. హిందీ ఎందుకంటే, ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలో పనికి ఉత్తరాది నుంచి వచ్చినవాళ్ళు చాలామంది మా దగ్గరికే వస్తారు.

సిగ్నల్ సరిగా లేనిచోట కూడా పేజీ చప్పున తెరుచుకోవాలని, సైటు ఒక్కో భాష పేజీకీ ఒక కాపీ తీసి పక్కన పెట్టుకుంటుంది. దాన్నే క్యాష్ అంటారు. వచ్చినవాళ్ళకి ఆ కాపీనే చూపిస్తుంది. మేము లోపల తేదీ మార్చినా, పాత కాపీని చెరిపేదాకా బయటివాళ్ళకి పాత తేదీయే కనిపిస్తుంది. మూడు భాషలకి మూడుసార్లు చెరపాలి. లాగిన్ అయి ఉన్న మాకు మాత్రం ఎప్పుడూ కొత్త పేజీయే కనిపిస్తుంది. చిక్కంతా అక్కడే.

అందుకే అక్క ఏ చిన్న మార్పు చేసినా ముగ్గురికి ఫోన్ చేస్తుంది. జగ్గయ్యపేటలో బట్టలు కుట్టే తన వదినకి తెలుగు పేజీ, కాలేజీలో పాఠాలు చెప్పే తన తమ్ముడికి ఇంగ్లీషు పేజీ, ఫ్యాక్టరీ గేటు దగ్గరి వాచ్‌మన్‌కి హిందీ పేజీ. "తెరిచి పైకి చదవండి" అంటుంది. "బాగానే ఉందండి" అంటే ఒప్పుకోదు. చర్చిలో ఇరవై ఏళ్ళు సండే స్కూల్ నడిపిన మనిషి. పుస్తకం వంక చూస్తూ కంఠతా వచ్చింది అప్పజెప్పే పిల్లల్ని ఎంతమందిని పట్టుకుందో! ఆ తతంగం చూసి నేను చాటుగా నవ్వుకునేదాన్ని.

ఆపరేషన్లకి విజయవాడ నుంచి నెలకోసారి సర్జన్ గారు వస్తారు. ఒక నెల ఆయన గురువారం బదులు మంగళవారమే వస్తానన్నారు. అప్పుడు అక్క సెలవులో ఉంది. ఆ మంగళవారానికి ముందు శుక్రవారమే సైటులో తేదీ నేను మార్చాను. తెలుగు, ఇంగ్లీషు కాపీలు చెరిపాను. హిందీ దగ్గరికి వచ్చేసరికి ఎవరో పిలిస్తే లేచి వెళ్ళాను. తిరిగొచ్చి చూస్తే నా తెర మీద హిందీలోనూ మంగళవారమే ఉంది. కళ్ళెదుట కనిపిస్తుంటే ఇక ఫోన్లెందుకులే అనుకున్నాను.

సోమవారం పొద్దున అక్క వచ్చీ రాగానే వాచ్‌మన్‌కి ఫోన్ చేసింది. స్పీకర్లో ఆయన నింపాదిగా చదివాడు, "గురువార్" అని. హిందీ కాపీ చెరపనేలేదని అప్పుడు గుర్తొచ్చింది నాకు.

కాపీ చెరపడానికి అర నిమిషం పట్టలేదు. హమ్మయ్య అనుకునేంతలో అక్క బ్యాగు తగిలించుకుని లేచింది.

"ఎక్కడికక్కా? సరిచేసా కదా."

"పేజీని సరిచేసావమ్మా. ఈ మూడ్రోజుల్లో అది చూసి, గురువారమే కదా అని కూర్చున్నోళ్ళు మళ్ళీ తెరిచి చూస్తారా? మంగళవారం రేపే. పద."

బస్సులో జగ్గయ్యపేట, అక్కణ్ణుంచి ఆటోలో ముక్త్యాల. షిఫ్టు వదిలే వేళకి గేటు ముందున్నాం. అక్కకి హిందీ అర్థమవుతుంది గానీ మాట్లాడటం అంతంతమాత్రం. అయినా ఎండలో, లారీల దుమ్ములో నిలబడి, "ఆపరేషన్ కల్ హై, గురువార్ నహీ, గల్తీ హమారా" అని వచ్చేపోయే ప్రతి మనిషికీ చెప్పింది. నా వైపు వేలు చూపించలేదు. తప్పు మాదంది. నాకు తల కొట్టేసినట్టయింది. అంతకుముందు నవ్వుకున్నందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

ఒకతను ఆ మాట విని టక్కున ఆగిపోయాడు. కంటి ఆపరేషన్ కోసం ఊరి నుంచి తల్లిని తీసుకొచ్చాడట. రెండు కళ్ళకీ పొర, ఎదుటి మనిషి కూడా ఆనడు. శనివారం తిరుగు రైలు. వాళ్ళ ఊరి చుట్టుపక్కల ఈ ఆపరేషన్ చేసేవాళ్ళు లేరు. ఆమెని మళ్ళీ ఇంత దూరం తేవడం అయ్యే పని కాదన్నాడు. అక్క అతని నంబరు రాసుకుని, మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి మరీ రప్పించింది.

మంగళవారం ఆమెకి ఒక కంటికి ఆపరేషన్ అయింది. బుధవారం కట్టు విప్పేటప్పుడు నేనూ వెళ్ళి అక్క పక్కన నిలబడ్డాను. ఆ ముసలామె చాలాసేపు రెప్పలార్పింది. తర్వాత చెయ్యి చాపి, కొడుకు గడ్డం పట్టుకుని ఏదో అంది. అతను నవ్వబోయి ఏడ్చేశాడు.

"ఏమందక్కా?" అని అడిగాను.

"ఇంత చిక్కిపోయావేంట్రా, తింటున్నావా లేదా అంటోంది."

నేను వరండాలోకి వచ్చేశాను. నేను చెయ్యని ఒక్క ఫోన్‌కి, ఆ తల్లి కొడుకు మొహం చూడకుండానే రైలెక్కేది.