బామ్మర్ది సీసా

సైన్యంలో ఉన్నన్నాళ్ళూ జబ్బు లేనివాళ్ళు ఉందంటూ నా దగ్గరికొచ్చేవారు. దుబాయ్‌లో జబ్బున్నవాళ్ళు లేదంటూ వచ్చేవారు. మొదటి రకాన్ని పట్టుకోవడం నాకు బాగా వచ్చు. డ్యూటీ ఎగ్గొట్టడానికి చంకలో ఉల్లిపాయ పెట్టుకుని జ్వరం తెచ్చుకున్న జవాన్లను వాసనతోనే పట్టేసేవాణ్ణి. రెండో రకాన్ని పట్టుకోవడం మాత్రం నాకెవరూ నేర్పలేదు.

సర్జన్‌గా సైన్యం నుంచి బయటికొచ్చి, కడప జిల్లాలో ఒక చిన్న ఊళ్ళో సొంతంగా ఆసుపత్రి పెట్టాను. హెర్నియాలు, అపెండిక్సులు కోసుకుంటూ చాలా ఏళ్ళు బతికాను. తర్వాత ఎదురుగా అద్దాల ఆసుపత్రి ఒకటి లేచింది. నాది ఖలాస్. నెత్తి నెరిశాక, 2003లో దుబాయ్ విమానమెక్కాను. అక్కడ కత్తి పట్టే లైసెన్సు నాకు రాలేదు. అల్ వర్సాన్‌లో ఒక కంపెనీ లేబర్ క్యాంపులో, ఏసీ మోతకి రోగి మాట సగమే వినపడే గదిలో కూర్చోబెట్టారు. దగ్గు, చెమటకాయలు, వడదెబ్బ, ఏడాదికోసారి అందరికీ చెకప్. గాయాలు కుట్టిన చేతులు పారాసిటమాల్ పంచుతుంటే నాకు నామీదే చిరాకేసేది.

ఆ క్యాంపులో ఒక నమ్మకం ఉండేది. షుగరు బయటపడితే మరుసటి రోజే టికెట్ చేతిలో పెట్టి ఇంటికి పంపేస్తారని. ఎవరిని పంపారో ఎవరికీ తెలీదు, కానీ అందరూ నమ్మేవారు. చెకప్ వారం రాగానే మెంతులు నానబెట్టుకునేవారు, కాకరకాయ రసం తాగేవారు. అవీ పనిచేయవనుకున్నవాళ్ళు పక్క మంచం మీది ఆరోగ్యవంతుడి మూత్రం సీసాలో పట్టుకొచ్చేవారు.

మా ఊరి దగ్గరి మేస్త్రి ఒకాయన ఉండేవాడు. షట్టరింగ్ కార్పెంటరు, నలభై దాటినవాడు. నన్ను "మన డాక్టరు" అని నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాడు. భార్యకి ఒక్కగానొక్క తమ్ముడుంటే, వాణ్ణి తనే వీసా ఇప్పించి తెచ్చుకుని, తన గదిలోనే, తన పై మంచం మీదే పెట్టుకున్నాడు. మాంసం వండిన రోజు ముక్కలన్నీ వాడి పళ్ళెంలోకే పోయేవట. గదిలోవాళ్ళు వాణ్ణి కొత్తల్లుడని ఏడిపించేవారు.

2006 ఎండాకాలం చెకప్‌లో మేస్త్రి సీసా నా బల్ల మీదికొచ్చింది. ఆయనకేమో కాలిమీద మానని పుండు, ఎండిన పెదాలు, మాటమాటకీ దాహం. పరీక్ష చీటీ ముంచితే షుగరు గడి రంగు మారనే లేదు. లోపల నవ్వుకున్నాను. అంతలో పక్క గడి చిక్కటి ఆకుపచ్చకి తిరిగింది. మూత్రంలో ప్రోటీను విపరీతంగా పోతోంది, రక్తం కూడా ఉంది. నా నవ్వు ఆగిపోయింది.

షుగరు లేదయ్యా అన్నాను. మేస్త్రి మొహం వెలిగింది. అయితే ఈ సీసా ఎవరిదో వాళ్ళ కిడ్నీలు చెడిపోతున్నాయి, ఇవాళే రక్తం చూడాలి అన్నాను. ఆయన లేచి నిలబడి మళ్ళీ కూర్చున్నాడు.

"నా బామ్మర్దిది సార్. వానికేం రోగం లేదనే తెచ్చినా."

తిట్టబుద్ధి కాలేదు. సాయంత్రం ఇద్దరూ వచ్చారు. కుర్రవాడు నవ్వుతూనే ఉన్నాడు. పొద్దున్న లేచేసరికి మొహం ఉబ్బి ఉంటే, క్యాంపు తిండి పట్టిందని అందరూ మెచ్చుకుంటున్నారట. బీపీ చూస్తే నాకే భయమేసింది. రక్తం రిపోర్టు వచ్చేసరికి ఇక దాచడానికేం లేదు. రెండు కిడ్నీలూ దాదాపు పోయాయి. మిషను మీద రక్తం శుభ్రం చేసుకుంటూ ఉంటేనే బతుకు.

క్యాంపులో అందరూ ముదీర్ అని పిలిచే మేనేజరు దగ్గరికి వెళ్ళాను. నాకు టీ ఇచ్చి మర్యాదగా కూర్చోబెట్టాడు. పాత మేజర్ గొంతుతో గట్టిగా మాట్లాడి చూశాను, తర్వాత బతిమాలి చూశాను. బతికినన్నాళ్ళూ చేయించాల్సిన వైద్యం కంపెనీ వల్ల కాదన్నాడు, గురువారానికి టికెట్ వేశానన్నాడు. తెలిసిన ఆసుపత్రులన్నిటికీ ఫోన్ చేశాను. ప్రాణం మీదికొస్తే ఒకటి రెండుసార్లు చేస్తాం, ఆ తర్వాత ఎవరు చూసుకుంటారు అన్నారు. ఇంటికెళితే ఏముందో వేరే ఎవరూ చెప్పక్కర్లేదు, అక్కడ అన్నేళ్ళూ డాక్టర్ని నేనే కదా. మా ఊళ్ళో ఆ మిషను లేదు. వాంతులు చేసుకుంటూ బస్సుల్లో తిరుపతి దాకా పోవాలి, వారానికి రెండు మూడుసార్లు పోవాలి. ఇంత చదువు, ఇంత సర్వీసు పెట్టుకుని వాడికి నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది.

వాణ్ణి పంపించొచ్చాక మేస్త్రి నా గదిలో చాలాసేపు కూర్చున్నాడు. ఆ సీసా తను తేకపోయుంటే వాడింకా పనిలోనే ఉండేవాడని ఆయన బాధ. రోగం సీసాతో రాలేదయ్యా, సీసా వల్ల తెలిసిందంతే అని ఎన్ని రకాలుగా చెప్పానో. తలూపేవాడు, మళ్ళీ మొదటికొచ్చేవాడు.

చలికాలంలో కబురొచ్చింది. కొన్నాళ్ళు తిరుపతి తిరిగారట, తర్వాత తిరగలేకపోయారట. కుర్రవాడు పోయాడు. మేస్త్రి సెలవడిగాడు. స్లాబు పనుంది, ఇప్పుడు కుదరదన్నారు. పాస్‌పోర్టు కంపెనీ చేతిలో ఉంది. ఫోన్ చేస్తే భార్య మాట్లాడదు, ఏడుపే వినపడుతుంది. ఎప్పుడొస్తావని కూడా అడగడం మానేసిందట.

వారం తిరక్కుండా ఒక పొద్దున మేస్త్రి నా గదికొచ్చాడు. చెకప్ సమయం కాదు. చేతిలో సీసా ఉంది, భుజాన సంచి ఉంది.

"ఇది నాదే సార్. చూసి రాయండి. నన్ను గూడా పంపీమనండి."

చీటీ ముంచాను. షుగరు గడి నల్లబడిపోయింది. రిపోర్టు నేనే తీసుకుని ముదీర్ దగ్గరికెళ్ళాను. ఈ మనిషి పైఅంతస్తుల్లో పనిచేస్తే ప్రమాదం, వెంటనే ఇంటికి పంపించాలని, ఉన్నదానికి కాస్త కలిపే చెప్పాను. ఆయన కాగితం వైపు ఒకసారి చూసి నవ్వాడు. సైటులో సగం మందికి షుగరే కదా డాక్టర్ సాబ్ అన్నాడు. కార్పెంటర్లు దొరక్క చస్తుంటే షుగరని ఎవర్ని పంపుతాం, ఇన్నేళ్ళలో ఎవర్ని పంపాం, మాత్రలిచ్చి బస్సెక్కించండి అన్నాడు.

తిరిగొచ్చేసరికి మేస్త్రి బెంచీ మీద సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అబద్ధం ఆడదామనుకున్నాను, ఏమాడాలో తోచలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"ఎప్పుడూ ఎవుర్నీ పంపలేదంటనా సార్?"

లేదట అన్నాను. నేను మాత్రలు పొట్లం కట్టి చేతిలో పెట్టాను. సైటు బస్సు హారన్ కొడుతోంది. ఆయన లేచి, సంచి భుజానికి తగిలించుకుని, తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"ఇవి తినకముందు ఏసుకోవల్లనా సార్, తిన్నాకనా?"

తినకముందు అని చెప్పాను.