స్వస్థలం గడిలో తెనాలి: బోధన్‌కు ఒక శనివారం ప్రయాణం

బోధన్ వెళ్ళాలనుకునేవాళ్ళు నన్ను దారి అడిగినప్పుడల్లా ఇప్పటి దారి కాక, అరవై తొమ్మిది నాటి దారే ముందు గుర్తొస్తుంది. ఆ ఏడు ప్రత్యేక తెలంగాణ కావాలని కాలేజీలన్నీ రోడ్ల మీదికి వచ్చాయి. నేను అప్పుడే నిజామాబాద్‌లో చదువు ముగించి సర్కారు బడిలో పంతులు ఉద్యోగానికి అర్జీ పెట్టుకున్నాను. ఇక్కడి ఉద్యోగాలు ఇక్కడివాళ్ళకే అని ముల్కీ నిబంధన. అంటే స్థానికుడినని కాగితం తేవాలి. నేను పుట్టింది రుద్రూరు పక్క క్యాంపులో. కాలువ నీళ్ళు పారాక గుంటూరు వైపు నుంచి వచ్చి చెరుకూ వరీ వేసుకున్న కుటుంబాల గూడేలను అక్కడ క్యాంపులంటారు. పుట్టుక వరకు బాగానే ఉంది. కానీ మా నాన్న నన్ను బడిలో వేసినప్పుడు, స్వస్థలం అన్న గడిలో దర్జాగా తెనాలి తాలూకా అని రాయించాడు. క్యాంపుల్లో తండ్రులందరూ చేసిన పనే ఇది. ముప్పై ఏళ్ళు ఈ నీళ్ళు తాగి, పిల్లల్ని ఇక్కడే కని, కాగితం మీద మాత్రం ఊరు వదల్లేదు మా పెద్దలు.

"మనది తెనాలి దగ్గరే కదరా, అందులో అబద్ధం ఏముంది?" అన్నాడు నాన్న, బడి రిజిస్టరు నకలు ముందు పెడితే. నాకు కోపం నషాళానికి అంటింది. ఆ తెనాలిని నేను చూసింది రెండే సార్లు, అదీ పెళ్ళిళ్ళకు.

బోధన్ తహసీల్ కచేరీలో ఒక ఉపాయం చెప్పారు. మా ఊళ్ళో సొంత భూమి ఉన్న స్థానిక రైతు ఎవరైనా వచ్చి, నేను అక్కడే పుట్టి పెరిగానని వాంగ్మూలం ఇస్తే చాలు. శనివారం మధ్యాహ్నం రెండింటిలోపు ఇవ్వాలి, తర్వాత గడువు లేదు. నేను అడిగిన వాళ్ళంతా రోజులు బాగాలేవు, తర్వాత చూద్దామని మర్యాదగా తప్పుకున్నారు. గొడవల కాలం కదా, వాళ్ళను నేను తప్పుపట్టను. ఇక మిగిలింది మా గట్టు పక్క రైతు గంగారాం. ఆయనేమో చెరుకు బండితో బోధన్ ఫ్యాక్టరీ గేటు ముందు వరసలో ఉన్నాడని శుక్రవారం కబురు అందింది.

శనివారం పొద్దున ఆరున్నరకు నిజామాబాద్ బస్టాండులో మొదటి బస్సు ఎక్కాను. టికెట్టు రూపాయి లోపే. పాతిక కిలోమీటర్ల పైచిలుకు దారి, గంటలో చేరిపోవాలి. ఎడపల్లి దగ్గర విద్యార్థులు రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు. డ్రైవరు ఇంజను ఆపి తీరుబడిగా బీడీ ముట్టించాడు.

"అన్నా, ఎంతసేపు పడుతది?" అని అడిగాను.

"వాళ్ళు లేస్తె పోతం, లేకుంటె ఈడనే. నీకు జల్ది ఉంటె చెరుకు బండెక్కు. బండ్లను ఆపుతలేరు" అన్నాడు.

నిజంగానే ఆపడం లేదు. కోసిన చెరుకు ఎండితే తూకం తగ్గుతుందని ఆ కుర్రాళ్ళకు తెలుసు, వాళ్ళూ రైతుల పిల్లలే. నన్ను ఎక్కించుకున్న ముసలాయన కాసేపటికి ఏ ఊరని అడిగాడు. నేను నీళ్ళు నమిలి రుద్రూరు అన్నాను. "మాట గట్ల లేదే" అని నవ్వి, ఒక గడ విరిచి చేతిలో పెట్టాడు. ఇంకేమీ అడగలేదు. ఆ చెరుకు ముక్కకూ, ఆ అడగకపోవడానికీ ఆయనకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

పదిన్నరకు ఫ్యాక్టరీ దగ్గర దిగాను. చెరుకు మడ్డి వాసన ముక్కు పుటాలను అదరగొడుతోంది, బండ్ల వరస కనుచూపు మేర ఉంది. ఆ వరసకో కట్టుబాటు. పిలిచినప్పుడు మనిషి లేకపోతే బండి వరస చివరికి పోతుంది, ఇంకో రోజు పడిగాపులు తప్పవు. గంగారాం ముందు పాతిక బండ్లున్నాయి. ఆయన జొన్నరొట్టె తింటూ నా గోడంతా విన్నాడు.

"నేను గూడ తెలంగాణ రావాలనెటోన్నే. మొన్న సభకు బండి కట్టుకోని పోయిన" అన్నాడు.

"అయితే వద్దులే కాకా" అన్నాను.

"నేను వద్దన్ననా? నువ్వు పుట్టిన్నాడు బొడ్డు గోసింది మా అవ్వ. ఉన్న మాట చెప్పెతందుకు ఏమైతది" అంటూ లేచి, వెనక బండి రైతుతో, "నా బండి జర సూడు రాజన్నా" అన్నాడు.

"పోయిరా, మేం నడుపుతం" అన్నాడు రాజన్న.

కచేరీలో వాంగ్మూలం రాసుకునే పేష్కారు బోధన్ పాత ముస్లిం కుటుంబం మనిషి, ఊళ్ళో అందరినీ ఎరిగినవాడు. నా పేరు, ఊరు రాసి, కలం ఆపి, కళ్ళద్దాల మీది నుంచి చూశాడు.

"గంగారాం, నీ కొడుకు గూడ గిదే నౌకరికి దర్ఖాస్తు పెట్టిండు గద?"

నాకు ఆ సంగతి తెలియదు. తెలిస్తే ఆ గేటు దగ్గరికి వెళ్ళేవాడినే కాదు.

"పెట్టిండు, సాబ్."

"సోంచాయించుకో మరి. ఉన్నయే కొన్ని జాగలు. ఈ పిలగాడు ముల్కీ అయితె నీ కొడుకు ఒక మెట్టు కిందికి పోతడు."

గంగారాం కాసేపు మాట్లాడలేదు. నేను నేల చూస్తున్నాను.

"నేను జేస్తె అయితడా సాబ్, ముల్కీ? ఈడు పుట్టిన్నాడే అయిండు. రాసుకోండ్రి" అని బొటనవేలు ముందుకు చాపాడు.

పేష్కారు సిరా డబ్బా జరిపాడు. అప్పుడు పన్నెండున్నర. బయట నేనేదో చెప్పబోతే, "బండి కాడికి పోవాలె" అని ఆయన పెద్ద పెద్ద అంగలు వేశాడు. రాజన్నా, ఇతరులూ ఆయన బండిని గేటు దాకా తెచ్చి పెట్టారు, ముందు ఇంకా నాలుగే బండ్లున్నాయి. సాయంత్రం నాలుగు గంటల బస్సుకు దారి తెరిచారు, చీకటి పడకముందే నిజామాబాద్ చేరాను.

వానలు మొదలయ్యాక జాబితా వచ్చింది. అందులో నా పేరు ఉంది, గంగారాం కొడుకు పేరు లేదు. ఎవరిది ఏ ప్రాంతమన్న వాదన ఆ తర్వాత దశాబ్దాలు నడిచింది, రాష్ట్రమూ వచ్చింది. ఆ వాదనలో రెండు వైపులా నాకు ఆప్తులున్నారు. ఎవరు ఏమన్నా నాకు ఆ కచేరీలో గంగారాం మాట్లాడకుండా ఉన్న ఆ కాసేపు గుర్తొస్తుంది. ఆయన రుణం నేను తీర్చుకోలేదు, తీరేదీ కాదు. జాబితా చూశాక ముఖం చెల్లక రెండు రోజులు ఆగి, ఆయన ఇంటికి వెళ్ళాను. కొడుకు లోపలి నుంచి నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. "ఏడ ఏసిండ్రు?" అని అడిగాడు గంగారాం. సిరికొండ అన్నాను. ఆపైన ఒక్క మాటే చెప్పాడు. మీరూ ఎప్పుడైనా ఆ వైపు వెళ్తే పనికొస్తుందని ఆయన మాటల్లోనే రాస్తున్నాను: "అడివి జాగ, సలి బాగుంటది. మందం దుప్పటి తీస్కపో, బిడ్డా."