విత్తనాల బుట్టలో హార్డ్ డిస్క్

మా పెళ్లిలో మామగారు థింసా ఆడారని అత్త అంటుంది. ఆడలేదని ఆయన అంటారు. గూడెం కొత్తవీధి దగ్గర మా ఊళ్లో ఆడవాళ్లు చేతులు పెనవేసుకుని వరసగా థింసా ఆడతారు, మగవాళ్లు డప్పులు వాయిస్తారు. పైగా మామ ఊరి పెద్ద, నవ్వడానికి కూడా ఆలోచించే మనిషి. ఆ రాత్రి సందడిలో ఎవరెవరు ఆడారో ఎవరికీ గుర్తులేదు, అందరూ ఆయన మాటే నమ్మారు. అత్త నోరు తెరిస్తే చాలు, "మళ్లీ మొదలెట్టింది" అని నవ్వేవాళ్లు. ఆమెకు అది నిజంగానే బాధగా ఉండేది.

పెళ్లి వీడియో హార్డ్ డిస్క్‌లో ఉంది గానీ, చూడ్డానికి ఇంట్లో కంప్యూటర్ లేదు. కొన్నేళ్లకు నేను సెకండ్ హ్యాండ్‌ది ఒకటి కొన్నాను. అత్త ఆ పూట వంట కూడా చెయ్యలేదు.

"బేగి ఎట్టు కోడలా, ఈ మనిషి మొగం సూడాలి!" అంటూ మామను లాక్కొచ్చి కూర్చోబెట్టింది.

డిస్క్ తీగ గుచ్చాను. కంప్యూటర్‌కు చీమ కుట్టినట్టయినా లేదు. ఆపి, మళ్లీ వేశాను. డిస్క్ మీద లైటైనా వెలగలేదు. మామ తీరిగ్గా మీసం దువ్వుకున్నారు.

"నువ్వే ఏదో సేసినావు!" అని అత్త ఆయన మీద పడింది.

"నేనేటి సేత్తాను? దాన్ని ముట్టుకున్నానా?"

నాకు ఒళ్లు మండింది. డిస్క్ తిప్పి చూస్తే తీగ దూరే చోటంతా నల్లగా ఉంది. గోటితో గీరాను. మసి!

"అత్తా, ఇన్నాళ్లూ దీన్నెక్కడ దాచావు?"

"పొయ్యి మీద, సోడి ఇత్తనాల బుట్టలో. సెమ్మెక్కదు, పురుగు పట్టదు."

మరుసటి ఏటి పంటకు దాచే రాగి గింజల్ని మేం పొయ్యికి పైన వేలాడదీసి పొగ పట్టిస్తాం. అంత భద్రమైన చోటు ఇంట్లో మరొకటి లేదు. తన సాక్ష్యానికి తనే పొగబెట్టుకున్నానని తెలిసి అత్త మొహం చిన్నబోయింది. నాకు ఆమె మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

పాత పళ్ల బ్రష్‌కు స్పిరిట్ అద్ది మసి వదలగొట్టాను. లైటు వెలిగింది, కానీ డిస్క్ లోపల టిక్కుటిక్కుమంది. పరికరాన్ని గుర్తించలేదని కంప్యూటర్ ఇంగ్లీషులో చెప్పింది. ఆ తీగకు కంప్యూటర్‌లో గుచ్చే వైపు రెండు తలలున్నాయి. ఒకటి చాలనుకుని రెండోదాన్ని వదిలేశాను. డిస్క్‌కు కరెంటు చాలడం లేదేమోనని రెండూ గుచ్చాను. టిక్కు ఆగిపోయింది. పెళ్లి ఫోల్డర్ కనబడగానే అత్తా నేనూ ఒకేసారి కేకపెట్టాం.

వీడియోలో మామ తలపాగా జారిపోతోంది. ఆడవాళ్ల వరసలో, అత్త పక్కన దూరి, అడుగడుగునా తప్పుతూ ఆడుతున్నారు. అత్త గుమ్మంలోకి ఉరికి అందర్నీ పిలిచింది. ఇల్లు నిండిపోయింది, జనం పడీ పడీ నవ్వారు. నవ్వి నవ్వి నాకు కడుపు నొప్పి పుట్టింది.

అత్త నడుం మీద చేతులు పెట్టుకుని మామ ముందు నిలబడింది. "మరిన్నాళ్లూ నేదన్నావేటి?"

మామ తెర మీంచి చూపు తిప్పలేదు.

"ఒప్పీసుకుంటే నాతోటి దెబ్బలాడ్డం మానీసేదానివి గదా."

అంతమంది చూస్తుండగానే అత్త ఆయన వీపు మీద ఒక్కటి వేసి, పక్కనే చతికిలబడింది.