నిండు రింగు

ఆ రోజు నేను ఆ ఊరు వెళ్ళలేదు. వెళ్ళానని నలుగురి ముందూ చెప్పాను. తప్పు ఇంతే. ఇంతేగా అని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను కూడా.

రూపాయి బిళ్ళ ఫోన్ల గురించి ఇప్పటి పిల్లలకి చెప్పాల్సిందే. సెల్లులు ఇంకా అందరి జేబుల్లోకీ రాని రోజులవి. పలాసలో, కాశీబుగ్గలో కిళ్ళీకొట్టు ఉన్నచోటల్లా ఒక పెట్టె ఉండేది. అవతలివాళ్ళు ఎత్తితేనే రూపాయి ఖర్చు. ఎత్తకపోతే బిళ్ళ మన చేతికి మనకొచ్చేది. మా ఆట మొత్తం ఆ ఎత్తకపోవడం మీదే నడిచింది.

కాశీబుగ్గలో నా స్నేహితుడొకడు సైకిలు షాపు నడిపేవాడు. మాకు బంధుత్వం లేదు. మతమూ ఒకటి కాదు. అయినా బావా అంటే బావా అనుకునేవాళ్ళం. అతని ఫోనుకి, చేసినవాళ్ళ నంబరు చూపించే చిన్న అద్దం ఉండేది. దాన్ని చూసే ఈ ఆట కనిపెట్టాడు. సైకిలు తొక్కుకుంటూ ఏదో ఒక పెట్టె దగ్గరికి వెళ్ళి షాపుకి ఫోను చెయ్యాలి. అతను ఎత్తడు. నంబరు చూసి ఏ పెట్టో పోల్చుకుంటాడు. ఎలా మోగిందో విని ఎవరు చేశారో పోల్చుకుంటాడు. ఒకడిది ఒక రింగు, ఇంకొకడిది రెండు. మళ్ళీ ఎవరో ఒకరు వెళ్ళి అక్కణ్ణుంచి రింగు ఇచ్చేదాకా ఆ పెట్టె చుట్టూ ఉన్న జాగా ఆ మనిషిది. షాపు గోడకి ఒక చెక్క కొట్టి, పెట్టెకో మేకు దిగేశాడు. పాత ట్యూబుని చుట్టలుగా కోసి, రంగులు పూసి, ఎవరు గెలిస్తే వాళ్ళ రంగు చుట్టని ఆ మేకుకి తగిలించేవాడు. నాది పచ్చ.

అప్పటికే నాకు యాభై దాటాయి. జీడిపప్పు ఫ్యాక్టరీలో తూకం దగ్గర పని. మిగతావాళ్ళంతా కుర్రాళ్ళు. రింగిచ్చి మధ్యలో కట్ చెయ్యడం దొంగ బుద్ధి అన్నాను వాళ్ళతో. నా గుర్తు నిండు రింగు, దానంతటది ఆగేదాకా మోగాల్సిందే అన్నాను. పెద్దవాణ్ణని ఒప్పుకున్నారు. నిజంగా ఎవరైనా పనుండి చేస్తే ఎలా అని నా స్నేహితుడి భార్య అడిగింది. పనున్నవాళ్ళు మళ్ళీ చేస్తారమ్మా అని చెప్పాను. అయిదో తరగతితో బడి మానేసి, లైబ్రరీలో కూర్చుని నాకు నేనే చదువుకున్నవాణ్ణి. ఎవరేం అడిగినా నా దగ్గర జవాబు తయారుగా ఉండేది. వీధి దీపం వెలగకపోతే అర్జీ రాసేవాణ్ణి. బస్సు వేళకి రాకపోతే అర్జీ రాసేవాణ్ణి. అన్యాయం అనే మాట నా నోట్లో ఎప్పుడూ నానుతుండేది.

ఆ నోటితోనే మెడికల్ షాపులో పనిచేసే కుర్రవాణ్ణి పట్టుకున్నాను. టెక్కలి బస్టాండు పెట్టె గెలిచానని వాడు సంబరపడుతుంటే, సైకిలు బస్సు టాపు మీద వేసుకుని వెళ్ళాడని నాకు తెలిసింది.

"ఏటి మావా, సైకిలు నాతోపాటే వచ్చింది గదా. దిగినాక తొక్కినాను గూడా," అన్నాడు వాడు నవ్వుతూ.

"సైకిలు బస్సెక్కితే అది సైకిలు కాదురా, సామాను," అన్నాను.

అందరూ నవ్వారు. నేను అక్కడితో ఆగలేదు. ఇవాళ ఆటలో ఇలా చేసినవాడు రేపు మందుల్లో ఏం కలుపుతాడో అన్నాను. పోన్లే బావా, ఆటే గదా అని నా స్నేహితుడు సర్దబోయాడు. వినలేదు. వాడి రంగు చుట్టలన్నీ మేకుల నుంచి పీకించేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. తర్వాత కొన్నాళ్ళు ఊళ్ళో వాణ్ణి సామాను అనే పిలిచారు. వాడు ఆటకి రావడం మానేశాడు.

పెట్టెలన్నిటిలోకీ కష్టమైనది ఒకటుండేది. పూండి దాటి సముద్రం వైపు వెళ్తే, జీడితోటల మధ్య, నా స్నేహితుడి సొంతూరిలో. చివర దారంతా ఇసక. చక్రం దిగబడితే దిగి నెట్టుకోవాల్సిందే. ఆ మేకుకి నా పచ్చచుట్ట తగిలితే చూడాలని ఎంతో ఆశ. ఎండ తగ్గాక వెళ్దాం, వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్దాం అనుకుంటూ వాయిదా వేస్తున్నాను.

ఒక సాయంత్రం షాపుకి వెళ్ళేసరికి ఆ మేకుకి నా పచ్చచుట్ట ఉంది. కుర్రాళ్ళు నన్ను చూసి చప్పట్లు కొట్టారు. నా స్నేహితుడు ఎవరిదో చైను బిగిస్తూ, తల ఎత్తకుండానే, మధ్యాహ్నం వచ్చిందనీ నిండు రింగు అనీ చెప్పాడు.

మధ్యాహ్నం నేను లైబ్రరీలో ఉన్నాను. ఫ్యాక్టరీలో భోజనాల వేళకి రోజూ అక్కడే, షాపుకి ఎదురుగా రోడ్డవతల, పేపరు చదువుకుంటూ కూర్చునేవాణ్ణి. ఎవరో అల్లరికి చేసి ఉంటారనుకున్నాను. కాదు బావా, నేను కాదు అనాలి. నోటిదాకా వచ్చింది. కుర్రాళ్ళందరి కళ్ళూ నా మీదే ఉన్నాయి. భుజం మీది తువ్వాలుతో నుదురు తుడుచుకుని, "ఇసక రోడ్డు ప్రాణం తీసేసిందిరా," అన్నాను.

నా స్నేహితుడు ఒక్క క్షణం ఆగాడు. మళ్ళీ చైను బిగించుకున్నాడు.

మర్నాడు మొదటి బస్సుకి అతని ఊరి నుంచి మనిషి వచ్చాడు. ముందురోజు మధ్యాహ్నం వాళ్ళమ్మకి ఉన్నట్టుండి బాగులేకపోయిందట. కొడుకుని పిలవమంటే చెల్లెలు కొట్టుకి పరిగెత్తి ఆ పెట్టె నుంచి షాపుకి ఫోను చేసింది. ఆగిపోయేదాకా మోగింది, ఎవరూ ఎత్తలేదు. వెనక ఇంకెవరో ఫోను కోసం తొందరపెడుతున్నారు. ఇంటి దగ్గర అమ్మ ఒక్కతే ఉంది. అన్నయ్య షాపులో లేడేమో అనుకుని వెనక్కి పరిగెత్తింది. సాయంత్రం మళ్ళీ వెళ్తే కొట్టు మూసి ఉంది. ఆవిడ తెల్లవారుజాము దాకా మాట్లాడుతూనే ఉందట. కొడుకు ఏడీ, కొడుకుతో ఒక మాట చెప్పాలి అంటూనే ఉందట. అతను వెళ్ళేసరికి నోరు పడిపోయింది. చూపు మాత్రం ఉంది. ఆ చూపుతోనే వానాకాలం దాకా ఉండి, వెళ్ళిపోయింది. కొడుకుతో చెప్పాలనుకున్నది ఏమిటో ఎవరికీ తెలియదు.

ఆ సాయంత్రం నేను కాదని ఒక్క మాట అనుంటే, అది తన ఇంటివాళ్ళ ఫోనేనని అతనికి అప్పుడే తెలిసేది. ఇంకా బస్సుంది. బస్సు లేకపోయినా అతనికి సైకిళ్ళకి కొదవా?

చెక్కని అతనే గోడ నుంచి ఊడదీశాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. పెద్దకర్మకి వెళ్ళాను. బంతిలో నాకు వడ్డించింది ఆ చెల్లెలే. ఎంతసేపు మోగిందో బావా అని చెబుతూ, అడక్కుండానే ఇంకో గరిటె పప్పు వేసింది. తిన్నాను. విస్తరి ఖాళీ చేసి మరీ లేచాను. ఆ నెల చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె నా వరసలోకి వస్తే, పక్కవాళ్ళకి అందించేశాను. తర్వాతి నెల కూడా అంతే. ఒంట్లో బాగులేదా అని పాస్టరుగారు అడిగారు. అవునన్నాను. అదీ అబద్ధమే.

మెడికల్ షాపు ముందు నుంచి వెళ్ళడం మానేశాను. జ్వరం మాత్ర కావాలన్నా ఆ చివర షాపుదాకా నడిచేవాణ్ణి. అర్జీలు రాయడానికి కూర్చుంటే కలం సాగేది కాదు. కోపం మాత్రం పోలేదు. ఇప్పటికీ ఎవడైనా వరస తప్పి ముందుకు దూరితే గొంతు లేస్తుంది. లేచాక ఆ పచ్చచుట్ట గుర్తొచ్చి సగంలో ఆగిపోతాను.

అందరి చేతుల్లోకీ సెల్లులు వచ్చాయి. పెట్టెలు ఒక్కొక్కటే పోయాయి. సైకిలు షాపు పక్క కిళ్ళీకొట్టు పెట్టెని ఊడదీసి తీసుకుపోయిన రోజు మేమిద్దరం షాపు ముందు బల్ల మీద కూర్చుని చూస్తున్నాం. గోడమీద దాని జాగా మాత్రం తెల్లగా మిగిలింది. అప్పుడు చెప్పాను. ఆ రోజు నేను వెళ్ళలేదని, వెళ్ళానని అన్నానని. తల వంచుకునే మొత్తం చెప్పాను. అతను వింటూ రోడ్డవతల లైబ్రరీ వైపు చూస్తూ కూర్చున్నాడు.

"నాకు తెల్సు బావా. ఆ మజ్జానం నీ సైకిలు లైబ్రరీ గోడకి ఆనించే ఉంది, నా కళ్ళకెదురుగా. నువ్వు ఎవుడిసేతో రింగు కొట్టించినావనుకున్నాను. ఆ కుర్రోడిని అన్నేసి మాటలన్నోడివి, వాళ్ళందరి ముందర నీ పరువు తీయడమెందుకని నీ సుట్టే తగిలించేసినాను. రోడ్డు దాటొచ్చి నిన్నొక్క మాట అడిగుంటే, సైకిలెక్కి అప్పుడే ఎల్లిపోదును."