పెదవి దాటని మాట

వీధిలో ఆవిడని అందరూ హలో అమ్మమ్మ అనేవారు. ఫోను మోగితే రెండో మోత దాకా ఆగేది కాదు. ఎత్తి, "హలో, చెప్పండి" అనేది. ఆ గొంతు వింటే అవతలివాళ్లు ఎవరైనా సరే, తెలియకుండానే సర్దుకుని కూర్చునేవారు. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో ఆపరేటరుగా చేరి, మనుషుల బదులు యంత్రాలు కాల్స్ కలపడం మొదలుపెట్టేదాకా పనిచేసిన మనిషి. ఉద్యోగం అయిపోయినా గొంతు మాత్రం రిటైరు కాలేదని అల్లుడు వేళాకోళం చేసేవాడు.

యంత్రాలొచ్చి తన కుర్చీ లాగేశాయి కాబట్టి వాటిమీద కోపం ఉంటుందనుకుంటే పొరపాటే. ఆ వీధిలో వీడియో కాల్ మొదట నేర్చుకున్నది ఆవిడే. కొత్త ఫోను ఏది వచ్చినా తిప్పి తిప్పి చూసేది. కానీ ఫోను అడిగిన ప్రతిదానికీ సరేననే రకం కాదావిడ. ఒకసారి టార్చి లైటు కోసమని ఏదో యాప్ ఎక్కించుకోబోతే, అది ఆవిడ ఫోన్లో ఉన్న నంబర్లన్నీ చూస్తానంది.

"దీపం వెలిగించడానికి వచ్చినవాడివి దీపం వెలిగించు. మా బంధువులెవరో నీకెందుకు?" అని ఫోన్‌నే గదమాయించి, ఆ యాప్ పీకేసి, అలమరలోంచి పాత టార్చి తీసింది.

కింది అంతస్తులో ఉండే టైలరుగారికి ఇదంతా చాదస్తంలా కనిపించేది. "మనలాంటివాళ్ల దగ్గర దాచుకోడానికి ఏముందండీ అక్కయ్యగారూ? చూస్తే చూడనివ్వండి," అన్నాడాయన ఒకరోజు మెట్ల మీద.

"ఏమీ లేదా? మరి నిన్న మీ ఆవిడ మీమీద కేకలేస్తుంటే పరుగెత్తుకెళ్లి కిటికీలు ఎందుకు మూశారు?"

టైలరుగారు నవ్వేసి తల గోక్కున్నాడు. "అంటే మీకు వినబడిందా?"

"వినబడింది. మర్చిపోయాను," అంది ఆవిడ, గంభీరంగా.

ఆ మర్చిపోవడం ఆవిడకి ఉద్యోగం నేర్పిన విద్య. ఎక్స్‌ఛేంజ్ గదిలో గోడ పొడవునా ఒక బోర్డు ఉండేది. దాని నిండా చిట్టి చిట్టి దీపాలు, ఒక్కో దీపం కింద ఒక్కో చిల్లు. దీపం వెలిగితే తీగ తీసి ఆ చిల్లులో గుచ్చి, నంబరు కనుక్కుని, రెండో తీగ ఇంకో చిల్లులో గుచ్చాలి. లైను కలిసిందో లేదో తెలియాలంటే మీట నొక్కి వినాలి. మీట వదిలేదాకా రెండువైపుల మాటలూ చెవిలో పడుతూనే ఉండేవి. ఎవరింట్లో పురుడు, ఎవరి కొట్లో దివాలా, ఎవరి మీద ఎవరికి మనసు, అన్నీ ఊరికన్నా ముందు ఆ గదికి తెలిసేవి. పెదవి దాటితే పృథివి దాటుతుందన్న సామెత ఆ గదిలో కూర్చున్నవాళ్లకి చెప్పాల్సిన పనిలేదు.

ఒకసారి పై అధికారి బావమరిది ఏదో కాంట్రాక్టుకి పోటీపడుతున్నాడు. అవతలి పోటీదారు ఫోన్లో ఏం మాట్లాడుతున్నాడో కాస్త చెవి పడేయమని ఆ అధికారి ఆవిడ కుర్చీ వెనక నిలబడి, మెల్లగా, తియ్యగా అడిగాడు.

"చెవులు ఆఫీసుకిచ్చానండీ. నోరు ఇవ్వలేదు," అంది ఆవిడ, వెనక్కి తిరగకుండానే.

మర్నాటినుంచి ఆవిణ్ని ఫిర్యాదుల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఊళ్లో ఎవరి ఫోను మూగబోయినా తిట్లు తినేది ఆ బల్లే. ఆవిడ ఆ తిట్లన్నీ తిని, అందరికీ "కనుక్కుంటానండీ" అని చెప్పి, నిజంగానే కనుక్కుని, కొన్నాళ్లకి మళ్లీ తన బోర్డు దగ్గరికి వచ్చేసింది. ఫిర్యాదుల బల్ల దగ్గర ఆవిడ ఉంటే జనం ఇంకా ఎక్కువ ఫోన్లు చేస్తున్నారని ఆ అధికారే వాపోయాడట.

ఆఫీసులో నోరు కట్టుకోవడం ఒక ఎత్తు, ఇంట్లో కట్టుకోవడం ఒక ఎత్తు. ఆవిడ మరిది ఓడరేవు కంపెనీలో ఉద్యోగానికి పరీక్ష రాసి, ఫలితం కోసం ఎదురుచూస్తున్న రోజులవి. ఆ ఉద్యోగం అతనికి రాలేదన్న కబురు ఆవిడ కలిపిన లైన్లోనే వెళ్లింది. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అత్తగారు కొడుక్కి కొత్త చొక్కాలు కుట్టించాలని గుడ్డ కొలుస్తోంది. ఆవిడ చేతులు కడుక్కుని, అందరికీ వడ్డించి, తనూ తింది. ఆ రాత్రి ముద్ద ఎలా దిగిందో ఆవిడకే తెలియాలి. మర్నాడు కంపెనీ మనిషి వచ్చి, నిన్ననే ఫోన్లో కబురందిందని చెప్పాకే ఇల్లు గొల్లుమంది.

అత్తగారు తెలివైన మనిషి. "ఆ ఫోను ఎవరు కలిపారమ్మాయ్?" అని అడిగింది.

"నేనే అత్తయ్యా."

అబద్ధం ఆడితే పోయేది. ఆడలేదు. అత్తగారు కొన్ని వారాలపాటు ఆవిడతో మాట్లాడలేదు. కూరలో ఉప్పు చాలకపోతే ఆ సంగతి గోడకి చెప్పేది. తర్వాత ఒక మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేని వేళ, కోడల్ని గదిలోకి పిలిచి తలుపు మూసింది. కన్నకొడుకులకి కూడా చెప్పుకోని మాటొకటి చెప్పింది. "నీకెందుకు చెబుతున్నానంటే, నువ్వు మింగేస్తావు. మిగతావాళ్లంతా నమిలి వీధిలో ఉమ్మేసేవాళ్లే," అంది.

ఆ మాట ఏమిటో అత్తగారు పోయి ఇన్నేళ్లయినా ఎవరికీ తెలియదు.

ఇలాంటి మనిషి ఇంట్లోకి అల్లుడు ఒక మాట్లాడే డబ్బా తెచ్చిపెట్టాడు. పాట పెట్టమంటే పెడుతుంది, వానొస్తుందా అంటే చెబుతుంది. ఆవిడ దానితో ఎంతో మర్యాదగా మాట్లాడేది. "కాస్త సౌండు తగ్గించు నాయనా," అనేది. తగ్గిస్తే "సంతోషం" అనేది కూడా.

సరిగ్గా అప్పుడే మనవరాలికి ఉద్యోగం వచ్చింది. అలాంటి డబ్బాలు చేసే ఒక కంపెనీలోనే. ఆఫీసులో చెవులకి హెడ్‌సెట్ తగిలించుకుని, జనం డబ్బాలతో మాట్లాడిన మాటల ముక్కలు వినాలి, విన్నది ఉన్నదున్నట్టు టైపు చేయాలి. యంత్రం సరిగ్గా అర్థం చేసుకుందో లేదో దాన్నిబట్టి సరిచూస్తారు.

"అయితే ఇది నా ఉద్యోగమే కదే!" అని అమ్మమ్మ చిన్నపిల్లలా సంబరపడిపోయింది. అంతలోనే ఆవిడ చూపు అలమర మీద ఉన్న డబ్బా వైపు తిరిగింది. "అంటే దీని లోపల కూడా నీలాంటి పిల్ల ఒకతి కూర్చుని ఉంటుందన్నమాట."

"అన్నీ వినం అమ్మమ్మా. ఎప్పుడో ఒక ముక్క వస్తుంది. పేర్లు కూడా ఉండవు."

"ముక్కయినా మనిషిదేగా," అని లేచి వెళ్లి డబ్బా ప్లగ్గు పీకేసింది.

అల్లుడు లబోదిబోమన్నాడు. "అత్తయ్యా, మనం ఏం రహస్యాలు మాట్లాడుకుంటామండీ? కూరలో ఉప్పు, కరెంటు బిల్లు!"

"పాట కావాలన్నప్పుడు పెట్టుకో బాబూ. అయిపోగానే పీకెయ్. వచ్చిన చుట్టం కూడా పనైపోయాక హాల్లో కూర్చుని మన మాటలు వింటుంటే మనం ఊరుకుంటామా?" అంది. ఆ ఇంట్లో అదే చట్టమైంది.

మనవరాలు పనిలో చురుగ్గా ఉండేది. అమ్మమ్మ ఆమెకి చెప్పింది ఒకటే: "విన్నదాన్ని ఇంటికి మోసుకురాకు. గడప దగ్గర చెప్పులతో పాటు వదిలెయ్." ఆ పిల్ల అలాగే చేసేది. ఇంటికొచ్చి ఆఫీసు క్యాంటీన్ గురించి, ఎప్పుడూ జలుబుతో ఉండే టీమ్ లీడరు గురించి చెప్పి నవ్వించేది కానీ, హెడ్‌సెట్లో విన్నది మాత్రం ఎన్నడూ చెప్పలేదు.

ఒక సాయంత్రం ఆ పిల్ల ముఖం వేలాడేసుకుని వచ్చింది. కాఫీ వద్దంది. అమ్మమ్మ మంచం మీద, కాళ్ల దగ్గర ముడుచుకుని కూర్చుంది. కాసేపటికి ఆవిడే కదిపింది. "ఏమైందే? ఎవరైనా ఏమైనా అన్నారా?"

"నన్ను కాదు."

"మరి?"

"ఇవాళ ఒక ముక్క విన్నానమ్మమ్మా."

"ఏం విన్నావ్?"

పిల్ల తలెత్తి చూసింది. కళ్లలో నీళ్లున్నాయి. "చెప్పకూడదు కదా."

అమ్మమ్మకి ఎక్స్‌ఛేంజ్‌లో అన్నేళ్లు పనిచేసినందుకు చివరిరోజున ఒక గడియారం ఇచ్చి చప్పట్లు కొట్టారు. ఆరోజు కూడా ఆవిడ గుండె ఇంతగా పొంగలేదు. మనవరాలి తల దగ్గరికి తీసుకుని, "చెప్పకు. అడగడం నాదే తప్పు," అంది.

కాసేపటికి పిల్ల తేరుకుని, చెప్పదగ్గది మాత్రం చెప్పింది. ఆఫీసులో కొందరు కలిసి ఒక గ్రూపు పెట్టుకున్నారు. తమకి తగిలిన తమాషా ముక్కలు అందులో వేసి, టీ వేళకి అందరూ కలిసి విని నవ్వుకుంటారు. ఒక పెద్దాయన అపశ్రుతి పాట, ఎవరో ఆలుమగల దెబ్బలాట. ఇవాళ వేసిన ముక్కలో ఎవరో ఏడుస్తున్నారు. దానికీ నవ్వారు.

"లీడరుతో చెబుదామంటే, ఆయనే ఆ గ్రూపులో ఉన్నాడు. పైగా నేను విన్నది బయటపెట్టకుండా ఎలా చెప్పను?"

"వాళ్లు విన్నది చెప్పొద్దు. వాళ్లు చేసింది చెప్పు," అంది అమ్మమ్మ. ఆ తర్వాత ఆవిడలోని ఆపరేటరు కాక అమ్మమ్మ మాట్లాడింది. "చెబితే నీకే ఇబ్బంది అవుతుందేమో. నన్ను ఫిర్యాదుల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. నిన్నెక్కడ కూర్చోబెడతారో తెలీదు. బాగా ఆలోచించుకో తల్లీ."

మర్నాడు అందరూ కూర్చున్న మీటింగులో ఆ పిల్ల లేచి నిలబడి చెప్పింది. లీడరు ముక్కు తుడుచుకుంటూ తేలిగ్గా తీసేశాడు. "పేర్లు లేవు, ఊర్లు లేవు. ఎవరో ఏమిటో మనకేం తెలుసు? ఇది సరదా."

"మా అమ్మమ్మ కాల్స్ కలిపే రోజుల్లో హలో అన్న ఒక్క మాటకే ఎవరో పోల్చుకునేది సార్. గొంతు కంటే పేరేముంటుంది? ఆ ముక్క వాళ్లింట్లో ఎవరైనా వింటే పోల్చుకోరా?"

మర్నాటినుంచి ఆ పిల్లకి పని మారింది. లిఫ్టుల కోసం తయారుచేస్తున్న యంత్రపు గొంతు వినిపెట్టాలి. "తలుపులు మూసుకుంటున్నాయి" అన్న మాట పొద్దున్నుంచి సాయంత్రం దాకా, రకరకాల గొంతుల్లో.

ఇంటికొచ్చి బట్టలు మడతపెడుతూ కూడా "తలుపులు మూసుకుంటున్నాయి" అని పాడేది. అమ్మమ్మ నవ్వేది కానీ, లోలోపల గుబులుగానే ఉండేది. పిల్లని తనే ఎగదోసిందేమోనని రెండుసార్లు అడిగింది కూడా. "నువ్వు ఆలోచించుకోమన్నావు, నేను ఆలోచించుకున్నాను. నీకేం సంబంధం?" అని కసిరింది మనవరాలు.

కానీ మీటింగులో పడిన మాట ఊరికే పోలేదు. మొదట పక్క సీటు అమ్మాయి గ్రూపులోంచి తప్పుకుంది. తర్వాత ఇంకో అబ్బాయి. టీ వేళకి ముక్క వినిపించబోతే "వద్దులే బాబూ" అనేవాళ్లు పెరిగారు. నవ్వేవాళ్లు తగ్గితే తమాషా ఎంతసేపు నిలుస్తుంది? గ్రూపు దానంతటదే చప్పబడిపోయింది. ఆ సంగతి పైవాళ్ల చెవిన పడి, ఒకరు విన్న ముక్క ఇంకొకరు వినడానికి వీల్లేకుండా కట్టుదిట్టం చేశారు. ఒకరోజు లీడరే ఆ పిల్ల బల్ల దగ్గరికి వచ్చాడు.

"మా నాన్నగారింట్లో కూడా ఒక డబ్బా ఉంది," అన్నాడు. కాస్త నిలబడి, "కొత్తగా చేరేవాళ్లకి మొదటిరోజు ఏం చేయాలో, ఏం చేయకూడదో ఎవరో ఒకరు చెప్పాలి. నువ్వు చెబుతావా?" అని అడిగాడు.

ఆ కబురు తెచ్చిన సాయంత్రం ఇల్లంతా హడావిడి. అల్లుడు పాటల కోసం డబ్బా ప్లగ్గు పెట్టి, అత్తగారి వైపు చూసి తనే పీకేశాడు. ఆ పిల్ల తల్లి స్కూల్లో పాఠాలు చెబుతుంది. ఆమెకి మాత్రం ఏమీ అంతుబట్టలేదు. "నిన్నటిదాకా లిఫ్టు తలుపులన్నావు. ఇవాళ కొత్తవాళ్లకి చెప్పే పనంటున్నావు. అసలేం జరిగిందే?"

"ఆఫీసు విషయంలే అమ్మా."

"అమ్మా, నీకు తెలుసు కదూ? నువ్వైనా చెప్పు," అని కూతురు అమ్మమ్మ వైపు తిరిగింది.

"మంచి పని చేసింది," అంది అమ్మమ్మ.

"ఏం పని?"

"మంచి పని."

"కన్నతల్లిని నేను! మీ ఇద్దరి మధ్యా నేను రాంగ్ నంబర్ని అయిపోయాను," అని కూతురు విసురుగా వంటింట్లోకి వెళ్లింది. వెళ్తూ వెళ్తూ నవ్వు ఆపుకోలేకపోయింది.

మనవరాలు కొత్తవాళ్లతో మాట్లాడే మొదటిరోజు పొద్దున అమ్మమ్మ మెట్లు దిగి వీధి చివర బస్సు స్టాపు దాకా ఆమెతో నడిచింది. మోకాళ్ల నొప్పితో అంతదూరం ఆవిడ నడవడం చూసి ఎదురైన ప్రతివాళ్లూ ఏమిటి విశేషమని అడిగారు.

"మా మనవరాలు. పనికి వెళ్తోంది," అని చెప్పింది అందరికీ, పాత రోజుల్లో దూరపు లైన్లు కలిపేటప్పటి గొంతుతో, వీధి ఆ చివరిదాకా వినబడేలాగ.