జపాను లీగుని ఏటిగట్టుకి తెచ్చిన కరుణాకరం మావయ్య

ఆ కబురు నాకు బస్సులో తెలిసింది. అమలాపురం కళాశాల నుంచి ఇంటికి వస్తున్నాను. కండక్టరు నాకు టిక్కెట్టు కొడుతూనే డ్రైవరుకి వినపడేలా, "రాజోలు షెడ్డు కరుణాకరం గారు పోయేరంట అండి. వచ్చే ఏడు ఆటలుంటాయో ఉండవో మరి" అన్నాడు. ఆయన నా మేనమామ అని పాపం అతనికి తెలియదు. నేను టిక్కెట్టు చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. గుండె జబ్బు ఉన్న మాట నిజమే. కానీ ఆ వారంలోనే కదా, ఏటిగట్టు మీద పడక్కుర్చీలో కూర్చుని, "రిఫరీ గారూ, ఆ ఈల నాకిచ్చేయండి, పడవకి కట్టుకుంటాను" అని మైదానమంతా వినపడేలా కేకవేశారు! అంత గొంతున్న మనిషి నిశ్శబ్దమైపోవడం నా ఊహకు అందలేదు.

భూస్థాపన అయిన మర్నాడు ఇంటి ముందు పందిట్లో ఆదరణ కూడిక జరిగింది. నన్ను కూడా రెండు మాటలు చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను, నోరు పెగల్లేదు, కూర్చున్నాను. ఆ రెండు మాటలే ఇక్కడ రాస్తున్నాను. అయితే ఆ పందిట్లోనే ఒక పెద్ద తగువు కూడా వచ్చింది. మావయ్య పెట్టిన లీగులో ఈ ఏడాది ఆయన సొంత జట్టే అట్టడుగున నిలిచి, ఆఖరి ఆట కూడా ఓడింది. నియమం ప్రకారం కింది వరసకి దిగిపోవాలి. పెట్టిన మనిషి పోయిన వారంలోనే ఆయన జట్టుని దింపడమా, ఆయన పేరు మీద పైనే ఉంచడమా? ఇదీ తగువు. దాని సంగతి చెప్పాలంటే ముందు జపాను వెళ్ళాలి.

మావయ్య వయసులో ఉండగా ఓడల్లో ఇంజను ఫిట్టరు. డెబ్బైల నడుమ ఆయన ఓడ జపానులో ఒక రేవులో మరమ్మతుకి ఆగింది. యజమానుల తగాదా వల్ల వసంతంలో ఆగిన ఓడ చలికాలం దాకా కదల్లేదు. ఆ ఓడని బాగుచేసే కంపెనీకి ఒక ఫుట్‌బాల్ జట్టు ఉంది. అది అక్కడి మొదటి శ్రేణి లీగులో ఆడే జట్టు. ఆ దేశంలో పెద్ద జట్లన్నీ అలాగే కంపెనీల జట్లట. ఓడలు కట్టేవాళ్ళదొకటి, ఉక్కు పోసేవాళ్ళదొకటి, పొలం ఇంజన్లు చేసేవాళ్ళదొకటి. మావయ్యతో కలిసి పనిచేసిన మోరితా అనే వెల్డరు ఆ జట్టులో వెనక వరస ఆటగాడు. అతని చలవ వల్ల మావయ్య ఆ ఏటి ఆటలన్నీ చూశారు.

మొదటి ఆట ఆదివారం. మోరితా జట్టు గెలిచింది. సోమవారం పొద్దున్నే మావయ్య ఓడ అడుగున ఇంజను గదిలోకి దిగితే, ముందురోజు గోలు కొట్టిన మోరితా మసి మొహంతో అక్కడ వెల్డింగు చేస్తున్నాడట. మావయ్యకి జాలేసింది. "ఏదో తప్పు చేసుంటాడు, శిక్ష వేసేరు అనుకున్నాను. లేపోతే నిన్న జనం చప్పట్లు కొట్టిన మనిషిని ఇవాళ మసిలో కూచోబెడతారా?" అనేవారు. ఓదార్పుగా భుజం తట్టి, తన కేరేజీలోని చేపల పులుసు సగం పెట్టారట. మోరితా కళ్ళమ్మట నీళ్ళు. మావయ్య ఆ నీళ్ళు చూసి ఇంకా జాలిపడ్డారు. అవి మన కారం వల్ల వచ్చిన నీళ్ళని సాయంత్రానికి గాని తెలియలేదు.

ఆ లీగు పది జట్లది. ప్రతి జట్టూ మిగిలిన ప్రతి జట్టుతో రెండేసి సార్లు ఆడుతుంది. గెలుపుకి రెండు పాయింట్లు, సమానమైతే ఒకటి. నడి వేసవిలో విరామం. ఆ విరామం దాకా మోరితా జట్టు నడుమ ఎక్కడో పరువుగానే ఉంది. విరామం తరవాత ఏం మాయ పట్టిందో, వరసగా ఓడిపోయారు. స్టేడియంలో జనం పలచబడ్డారు. "మన గట్టు మీద కోడిపందేనికి ఇంతకన్నా జనం ఉంటారే అమ్మాయ్. వాళ్ళు మాత్రం జాతర జనం చూస్తున్నట్టు ఆడేరు!" అని మావయ్య ఆశ్చర్యపోయేవారు. చివరికి జట్టు అట్టడుగుకి చేరింది. అలా చేరినవాళ్ళు రెండో శ్రేణిలో నెగ్గినవాళ్ళతో తలపడాలి. అందులో ఓడితే కిందికి దిగిపోవాలి. చలికాలపు వానలో ఆ ఆట జరిగింది. మోరితా వాళ్ళు ఓడిపోయారు.

మర్నాడు మావయ్య పరామర్శకి సిద్ధపడి వెళ్ళారు. వచ్చీరాని ఇంగ్లీషులో అడిగారు. "మీ కంపెనీ చాలా పెద్దది కదండీ. ఎవరో పెద్దాయనతో ఓ మాట చెప్పించుకుంటే పోదా?" మోరితాకి అర్థం కాలేదు. మావయ్య బొమ్మ గీసి చూపించారు. ఒక లావుపాటి మనిషి, ఆయన ముందు చేతులు కట్టుకున్న మనిషి, పక్కన ఒక నిచ్చెన. మోరితా ఆ బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ లావాయన ఏ స్థానంలో ఆడతాడు?" అని అడిగాడట. మావయ్య ఈ ముక్క చెప్పినప్పుడల్లా పగలబడి నవ్వేవారు. నవ్వు ఆగాక మాత్రం, "ఆ దేశంలో సిఫార్సులే లేవని కాదమ్మా. ఆటలోకి కూడా వస్తాయని అతగాడికి తోచలేదు. మనకీ అలా తోచకుండా పోవాలి" అనేవారు.

ఆ ఒక్క కోరికతోనే ఆయన తిరిగొచ్చి, రాజోలులో ఇంజన్లు బాగుచేసే షెడ్డు పెట్టుకుని, లీగు మొదలుపెట్టారు. షెడ్డు జట్టు, బండారులంక మగ్గాల జట్టు, తాటిపాక గ్యాసు పనివాళ్ళ జట్టు, అమలాపురం బస్సుల జట్టు, ఇలా పనుల పేర్లతో జట్లు. మైదానం ఏటిగట్టు కింద ఖాళీ నేల. జపానులో వేసవిలో విరామమైతే ఇక్కడ వానాకాలంలో విరామం, ఎందుకంటే అప్పుడు మైదానంలో చేపలు ఆడతాయి.

మనవాళ్ళకి అప్పటిదాకా షీల్డు పోటీలే తెలుసు. ఓడినవాళ్ళు ఇంటికి పోవడమే పద్ధతి. మొదటి ఆటలో ఓడిన మగ్గాల జట్టు బంతికి దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది, మరుసటి వారం రానే లేదు. మావయ్య సైకిలేసుకుని బండారులంక వెళ్ళారు. జట్టు పెద్ద వీరభద్రం గారు మగ్గం గుంటలోంచి తలెత్తి, "మేం ఓడిపోయేం కదండీ, ఇంకేటండీ?" అన్నారు.

"ఓడినా మళ్ళీ ఆడాలండి. అదే లీగంటే."

"ఓడినోళ్ళని పిలిచి మళ్ళీ ఓడిస్తారాండీ? ఇదెక్కడి మర్యాదండీ!"

"ఈసారి గెలవచ్చు కదండీ వీరభద్రం గారూ."

"ఆయ్! ఆ మాట ముందు చెప్పాలి కదండీ" అని ఆయన పోగు తెంపకుండానే లేచి వచ్చారు.

పని చేసేవాళ్ళే ఆడాలన్నది మావయ్య ఇంకో పట్టుదల. ఒక భూస్వామి గారి అబ్బాయి తళతళలాడే బూట్లతో వచ్చి పేరు రాసుకోమన్నాడు. "ఏం పని చేస్తారు బాబూ?" అని మావయ్య అడిగితే, "మాకు పనేంటండీ?" అని నవ్వాడు. "అయితే మీకు ఆటేంటండీ?" అని మావయ్య కూడా అంతే మర్యాదగా నవ్వారు. ఆ అబ్బాయి పంతం కొద్దీ కొబ్బరి కళ్ళంలో కాయలు లెక్కపెట్టే పనికి కుదిరి, మరుసటి ఏడు గోలుకీపరయ్యాడు.

ఆట ముగిశాక రెండు జట్లూ వరసగా నిలబడి గట్టు మీది జనానికి నడుము వంచి నమస్కరించాలని కూడా నేర్పారు. మొదటిసారి అలా వంగగానే, తంపటి వేరుశనక్కాయలమ్మే సుబ్బమ్మ గారు గాభరాగా, "లెగండి బాబూ లెగండి, నూరేళ్ళు బతకండి, ఎవరు కొట్టేరర్రా మిమ్మల్ని?" అని కిందికి పరిగెత్తుకొచ్చింది.

ఇక ఈ ఏటి సంగతి. షెడ్డు జట్టులో మంచి ఆటగాళ్ళు గల్ఫుకి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు ఓడుతూ ఓడుతూ అట్టడుగుకి వచ్చారు. కింది వరసలో కొత్తపేట కొబ్బరి వలుపు జట్టు నెగ్గింది. పగలంతా గునపం మీద కాయలు వలిచి, చేతులకి పీచు మరకలతో వచ్చి ఆడే కుర్రాళ్ళు వాళ్ళు. జపానులోలాగే ఈ రెండు జట్లకీ ఆఖరి ఆట పెట్టారు. డాక్టరు వద్దంటున్నా మావయ్య గట్టు మీద కుర్చీ వేయించుకుని చివరిదాకా చూశారు. వలుపు జట్టు రెండు గోల్స్ తేడాతో గెలిచింది. షెడ్డు కుర్రాళ్ళు తలొంచుకుని వస్తే, "ఏడవకండెహె, ఇంటికెళ్ళి స్నానాలు చెయ్యండి. రేపు మూడు ఇంజన్లున్నాయి" అన్నారు.

ఇప్పుడు ఆ పందిట్లో, బస్సుల జట్టు పెద్ద సత్యనారాయణ గారు కన్నీళ్ళతో లేచారు. "ఆయన గౌరవార్థం షెడ్డు జట్టుని ఎప్పటికీ పైవరసలోనే ఉంచుదారండి" అన్నారు. అందరూ "ఆయ్, ఆయ్" అన్నారు. వలుపు జట్టు నాయకుడు సూరిబాబు లేచి, "అలాగేనండి. మేం ఇంకో ఏడాది ఆగుతాం. ఆయనకన్నా ఎక్కువా అండీ మాకు?" అన్నాడు. చెప్పడానికి చెప్పాడు గాని, వెనక నిలబడ్డ అతని కుర్రాళ్ళ మొహాలు నేను చూశాను.

అప్పుడు లోపలి నుంచి మా అత్తయ్య వచ్చి గుమ్మంలో నిలబడింది.

"సత్యనారాయణ గారూ, మావోళ్ళు ఓడేరా లేదా అండీ?"

"ఓడేరండి, కానీ..."

"ఆయన చూసేరా?"

"చూసేరండి."

"మరి ఆయన చూసి ఒప్పుకున్న ఆటని, ఆయన పోయేక మీరు మార్చేస్తారా? బతికినన్నాళ్ళూ ఎవరి సిఫార్సూ తెచ్చుకోలేదు మా ఆయన. ఇప్పుడు తన చావునే సిఫార్సు చేసుకున్నాడని అనిపిస్తారా?"

సత్యనారాయణ గారు కండువాతో మొహం తుడుచుకుని, "తప్పేనండి అక్కయ్య గారూ. షెడ్డు కిందికే" అన్నారు. షెడ్డు కుర్రాళ్ళే ముందుగా వెళ్ళి సూరిబాబుని కౌగిలించుకున్నారు.

జనం వెళ్ళిపోతుండగా సూరిబాబు అత్తయ్య దగ్గరికొచ్చాడు. "పైకొచ్చేం గానీ అమ్మగారూ, తప్పు ఆడితే గట్టు మీంచి తిట్టేవోళ్ళు ఎవరండీ ఇంక మాకు?" అన్నాడు.

"కుర్చీ ఉంది, నోరూ ఉంది. నేనొస్తాను, ఆడు చూద్దాం" అంది అత్తయ్య. ఆ దుఃఖంలోనూ అందరం నవ్వాం.

అత్తయ్య తప్పకుండా వస్తుంది, తిడుతుంది కూడా. కానీ ఎదుటి జట్టు బాగా ఆడినప్పుడు సొంత జట్టు ఓడిపోతున్న సంగతే మరిచి, "ఆహా, అదీ దెబ్బంటే!" అని కుర్చీలోంచి లేచే మనిషిని మేము మళ్ళీ ఎక్కడి నుంచి తెచ్చుకోగలం? కరుణాకరం మావయ్య గారికి, నోటితో చెప్పలేకపోయిన ఈ మేనకోడలి నమస్కారం.